మొదటి సూది తన ఒంటికే – వాల్డెమర్ హాఫ్‌కిన్ జీవితం

2020 మార్చిలో కరోనా పేరు మీద రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి తలుపులు మూసుకున్నప్పుడు అధికారులు బయటికి తీసిన చట్టాల్లో ఒకటి 1897 నాటిది. అంటువ్యాధుల చట్టం. తెల్లదొరల కాలంలో బొంబాయి ప్లేగును అడ్డుకోడానికి హడావుడిగా చేసిన చట్టం అది. పట్టుమని నాలుగే సెక్షన్లు. రోగం పేరు చెప్పి సర్కారు ఏం చేయాలనుకుంటే అది చేయొచ్చు, మంచి ఉద్దేశంతో చేశామంటే చాలు ఎవరి మీదా దావా వేయడానికి వీల్లేదు, దాదాపు అంతే. ప్రజలకు ఏం హక్కులుంటాయో అందులో ఒక్క ముక్క లేదు.

ఆ చట్టం పుట్టిన ఏడాదే, అదే బొంబాయిలో, చట్టంతో పని లేకుండా ప్లేగుతో పోరాడిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన పేరు వాల్డెమర్ హాఫ్‌కిన్. ముంబైలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు చాలామంది విని ఉంటారు. కరోనా టీకాల రోజుల్లో వార్తల్లో కూడా వచ్చింది. కానీ ఆ పేరుగల మనిషి ఎవరు, ఆయనకు ఈ దేశంలో ఏం జరిగింది అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ.

హాఫ్‌కిన్ 1860లో నల్లసముద్రం ఒడ్డున ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఇప్పుడది ఉక్రెయిన్, అప్పుడు జార్ చక్రవర్తి రష్యా. ఆ రాజ్యంలో యూదుడిగా పుట్టడం అంటే ఎక్కడ నివసించాలి, ఏం చదవాలి, ఏ ఉద్యోగం చేయాలి అన్నీ ఇంకొకళ్ళు నిర్ణయించడమే. యూనివర్సిటీలో ఇల్యా మెచ్నికోవ్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర జీవశాస్త్రం చదువుకున్నారు. 1881లో జార్ హత్య జరిగింది. దాని నెపం యూదుల మీద వేసి ఊళ్ళల్లో మూకలు ఇళ్ళ మీద పడ్డాయి. ఒడెస్సాలో యూదు కుర్రాళ్ళు తమ మొహల్లాలను కాపాడుకోడానికి దండు కట్టారు. అందులో హాఫ్‌కిన్ ఒకరు. దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. గురువు మెచ్నికోవ్ మధ్యలో పడి విడిపించారు.

డిగ్రీ చేతికొచ్చినా ప్రొఫెసర్ ఉద్యోగం రాలేదు. మతం మార్చుకుని రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో చేరితే ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మ్యూజియంలో చిన్న కొలువు చేసుకుంటూ కొన్నేళ్ళు గడిపి, 1888లో దేశం వదిలేశారు. ముందు జెనీవా, తర్వాత ప్యారిస్. అప్పటికి మెచ్నికోవ్ కూడా ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరుకున్నారు. అక్కడ శిష్యుడికి దొరికిన ఉద్యోగం శాస్త్రవేత్తది కాదు, లైబ్రేరియన్‌ది. పగలు పుస్తకాలు సర్దడం, మిగిలిన వేళల్లో ల్యాబులో కలరా క్రిమి మీద పని.

1892 జులై 18న తాను తయారుచేసిన కలరా టీకాను తన ఒంటికే పొడుచుకున్నారు. జ్వరమొచ్చింది, తగ్గింది. ఆ తర్వాత స్నేహితులు ముందుకొచ్చారు. ఆ ఏడాది రష్యాలో కలరా విలయతాండవం చేస్తోంది. టీకా ఇస్తానని తనను వెళ్ళగొట్టిన దేశానికే కబురు పెట్టారు. వాళ్ళు వద్దన్నారు. అప్పుడు ప్యారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న లార్డ్ డఫరిన్, అంతకుముందు మన దేశంలో వైస్రాయ్‌గా చేసిన మనిషి, ఇండియాకు వెళ్ళమని సలహా ఇచ్చారు.

అలా 1893 మార్చిలో కలకత్తాలో దిగారు. ఇక్కడి తెల్ల డాక్టర్లకు ఆయన నచ్చలేదు. మెడిసిన్ చదివిన డాక్టర్ కాదు, జీవశాస్త్రం చదివినవాడు. పైగా రష్యా నుంచి వచ్చినవాడు, గూఢచారేమో అని అనుమానం. ఆపైన యూదుడు. ఆయన పట్టించుకోకుండా ఆగ్రా నుంచి మొదలుపెట్టి ఉత్తరాది కంటోన్మెంట్లు, పట్టణాలు, పల్లెలు తిరిగారు. మొదటి ఏడాదిలోనే ఇరవై వేల మందికి పైగా టీకా వేయించుకున్నారు.

అసలు పరీక్ష మాత్రం 1894లో కలకత్తా బస్తీల్లో ఎదురైంది. కట్టల్ బగాన్ అనే బస్తీలో కలరా మొదలైందని మున్సిపల్ హెల్త్ ఆఫీసర్ సింప్సన్ కబురు పంపారు. బస్తీవాళ్ళందరూ ఒకే చెరువు నీళ్ళతో బతికేవాళ్ళు. తెల్లవాడు సూది పట్టుకుని వస్తే ఎవరు నమ్ముతారు? నమ్మలేదు. హాఫ్‌కిన్ వెంట చౌధురి, ఘోష్, ఛటర్జీ, దత్ అనే బెంగాలీ డాక్టర్లు ఉన్నారు. జనం ముందే డాక్టర్లు సూది వేయించుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళుగా బస్తీవాళ్ళు వచ్చారు. సుమారు 200 మంది ఉన్న ఆ చోట 116 మంది వేయించుకున్నారు. తర్వాతి రోజుల్లో అక్కడ కలరా సోకినవాళ్ళు, చనిపోయినవాళ్ళు వేయించుకోనివాళ్ళలోనే అని తేలింది. ఆ కబురు బస్తీ నుంచి బస్తీకి నోటిమాటగా పాకింది. ఇక వేకువ నుంచి చీకటి పడేదాకా పని. పొద్దున్నే కూలీకి పోయేవాళ్ళ కోసం తెల్లవారకముందే, ఇంటికి వచ్చాక దీపాల వెలుతురులో.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆయన వెళ్ళిన ప్రతి చోటా జనం సొంత ఇష్టంతోనే చేయి చాపారని అనుకోలేం. అస్సాం తేయాకు తోటల కూలీలు, సిపాయిలు, తర్వాత చెప్పబోయే జైలు ఖైదీలు, వీళ్ళందరూ ఎవరో ఒకరి హుకుం కింద బతికేవాళ్ళు. దొర వద్దంటే వద్దు, వేయించుకోమంటే వేయించుకోవడం. ఆ లోటు ఆ కాలానిది అని సరిపెట్టుకోవచ్చు, కానీ లోటు లోటే. అయినా సూది పట్టుకుని పోలీసును వెంటేసుకుని ఇళ్ళలోకి దూరడం మాత్రం ఆయన పద్ధతి కాదు.

మలేరియాతో మంచం పట్టి 1895లో యూరప్ వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చారు. 1896 సెప్టెంబర్‌లో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగాస్ ఒక రోగిని చూసి ఇది ప్లేగు అని గుర్తుపట్టారు. అక్టోబర్‌లో హాఫ్‌కిన్‌ను బొంబాయికి రమ్మన్నారు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక చిన్న గది, వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. ఇదీ ల్యాబు. మూడు నెలలు రాత్రీపగలూ పనిచేశారు. సహాయకుల్లో ఒకరు కుప్పకూలారు, ఇద్దరు వదిలేసి పోయారు. 1897 జనవరి 10న ప్లేగు టీకా మొదటి సూది మళ్ళీ తనకే. మామూలు మోతాదు కన్నా ఎక్కువే తీసుకున్నారు. గట్టిగా జ్వరం పట్టుకుంది. జనవరి చివర్లో బైకుల్లా జైలులో ప్లేగు వచ్చింది. ముందుకొచ్చిన ఖైదీలకు టీకా వేసి, వేయించుకోనివాళ్ళతో పోల్చి చూశారు. వేయించుకున్నవాళ్ళలో జబ్బు, చావు రెండూ బాగా తక్కువ. పూర్తిగా ఆపేసే టీకా కాదు అది. నొప్పి, వాపు, జ్వరం ఉండేవి. కానీ అప్పటికి ప్లేగుకు ఉన్న ఒకే ఒక్క ఆసరా.

అప్పుడు సర్కారు ఏం చేస్తోందో చూడండి. ఫిబ్రవరి 4న ఆ చట్టం వచ్చింది. ఇళ్ళలోకి దూరి సోదాలు, రోగిని లాక్కెళ్ళి ఆసుపత్రిలో పడేయడం, కుటుంబాన్ని క్యాంపులకు తోలడం, సామాన్లు తగలబెట్టడం. రైల్వే స్టేషన్లలో ఆడవాళ్ళను కూడా నిలబెట్టి చంకలు, గజ్జలు తడిమి చూడటం. బొంబాయిలో అంతకుముందే, 1896 అక్టోబర్‌లోనే, మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద దాడి చేశారు. అక్కడికి తీసుకెళ్ళిన మనిషి తిరిగి రాడని వాళ్ళ భయం. పూణేలో ప్లేగు కమిషనర్ రాండ్ సైన్యాన్ని దింపి ఇల్లిల్లూ గాలించారు. 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు ఆయన్ని కాల్చి చంపారు. అదే పూణే శివార్లలో సావిత్రీబాయి ఫూలే ప్లేగు సోకిన దళిత పిల్లవాణ్ణి స్వయంగా మోసుకొచ్చి, తానూ ఆ జబ్బుకే 1897 మార్చిలో కన్నుమూశారు. 1898 మార్చిలో బొంబాయి జులాహా ముస్లిం నేతగాళ్ళ బస్తీలో జబ్బుపడ్డ ఒక ఆడపిల్లను తనిఖీ చేయబోతే ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. గొడవ పెరిగింది, కాల్పుల దాకా పోయింది. పేపర్లలో వీళ్ళను మూఢులు, మతపిచ్చోళ్ళు అని రాశారు. పరదాలో ఉండే పిల్లను ముక్కూమొహం తెలియని మగాళ్ళు తాకుతామంటే కాదనడం మూఢత్వం ఎట్లా అవుతుందో రాసినవాళ్ళే చెప్పాలి.

ఇలాంటి రోజుల్లో హాఫ్‌కిన్‌కు అండగా నిలబడ్డది ఒక ముస్లిం కుర్రాడు. మూడో ఆగాఖాన్, సుల్తాన్ ముహమ్మద్ షా. ఇస్మాయిలీ ఖోజాల ఇమామ్. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఖోజాల్లో కూడా మిగతా జనంలాగే భయం ఉంది, టీకా వేసుకుంటే చస్తారని పుకార్లున్నాయి. ఆగాఖాన్ ఫర్మానా జారీ చేసి ఊరుకోలేదు. తన జమాత్ అందరూ చూస్తుండగా తానే సూది వేయించుకున్నారు. ఒక్కసారి కాదు, నమ్మకం కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ. ఆ తర్వాత వేలమంది ఖోజాలు వరసకట్టారు. వేయించుకున్నవాళ్ళలో చావులు ఎంత తగ్గాయో లెక్కలు తీస్తే టీకాకు అంతకన్నా మంచి సాక్ష్యం లేకపోయింది. హాఫ్‌కిన్‌కు ల్యాబు పెట్టుకోడానికి చోటు చాలనప్పుడు ఆగాఖాన్ తన ఖుస్రూ లాడ్జ్ అనే బంగళా ఇచ్చేశారు. కొంతకాలం ఖర్చులు కూడా భరించారు. ఒడెస్సాలో మతం వదులుకోనందుకు కొలువు పోగొట్టుకున్న యూదుడు, బొంబాయిలో ముస్లిం ఇమామ్ ఇంట్లో కూర్చుని హిందూ, పార్సీ, క్రైస్తవ, ముస్లిం అందరికీ మందు కాస్తున్నాడు. ఈ ముచ్చట మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకైతే అర్థం కాదు.

1899 ఆగస్టులో ల్యాబు పరేల్‌లోని పాత గవర్నర్ భవనానికి మారింది. ప్లేగు రీసెర్చ్ లాబొరేటరీ అని పేరు పెట్టారు, హాఫ్‌కిన్ దానికి డైరెక్టర్. విక్టోరియా రాణి బిరుదు ఇచ్చింది. బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది. దేశంలో ఇతర ప్రాంతాల నుంచి, విదేశాల నుంచి టీకా కోసం అర్జీలు. నలభై ఏళ్ళు కూడా దాటని మనిషికి అంతా బాగానే ఉందనిపించే కాలం.

1902లో పంజాబ్ ప్లేగుతో అల్లాడుతోంది. అక్కడి ప్రభుత్వం ఒక్కసారిగా భారీ ఎత్తున టీకా పంపమంది. తొందరగా తయారు చేయాలి కాబట్టి హాఫ్‌కిన్ తయారీలో ఒక మార్పు చేశారు. క్రిములు చేరకుండా కలిపే కార్బాలిక్ యాసిడ్ మానేసి, వేడి మీద ఆధారపడ్డారు. ప్యారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటికే నడుస్తున్న పద్ధతే అది. అక్టోబర్ 30న పంజాబ్‌లోని మల్కోవాల్ అనే పల్లెలో (ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది) 107 మందికి టీకాలు వేశారు. అయిదు సీసాలు వాడారు. ఒక సీసా నంబర్ 53ఎన్. దాని నుంచి సూది పడ్డవాళ్ళు 19 మంది. వారం తిరిగేసరికి ఆ 19 మందికీ ధనుర్వాతం. దవడలు బిగుసుకుపోయి ఒక్కరు కూడా మిగల్లేదు. మిగతా నాలుగు సీసాలవాళ్ళకు ఏమీ కాలేదు.

పంతొమ్మిది ప్రాణాలు. విచారణ జరగాల్సిందే, ఎవరు బాధ్యులో తేలాల్సిందే. బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ లారెన్స్ జెంకిన్స్ పెద్దగా ఒక కమిషన్ వేశారు. సీసా తెరవకముందే, అంటే పరేల్ ల్యాబులోనే అది చెడిపోయిందని కమిషన్ తేల్చింది. కార్బాలిక్ యాసిడ్ మానేయడాన్ని తప్పు పట్టింది. హాఫ్‌కిన్‌ను డైరెక్టర్ పదవి నుంచి తప్పించి, జీతం లేని సెలవులో పంపేశారు. 1904లో ఆయన ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. నాలుగేళ్ళపాటు రిపోర్టు బయటికి రాలేదు. 1906 చివర్లో గానీ సర్కారు దాన్ని అచ్చేయలేదు. అందాకా తన మీద ఏ నేరం ఎందుకు రుజువైందో జనానికి చెప్పుకునే దారి కూడా ఆయనకు లేదు.

రిపోర్టు, దానితో పాటున్న కాగితాలు చేతికొచ్చాక అసలు సంగతి కనిపించింది. మల్కోవాల్‌లో ఆ రోజు 53ఎన్ సీసా మూత తీసే సమయంలో సహాయకుడి చేతిలోని పట్టకారు కింద నేల మీద పడింది. నిబంధన ప్రకారం దాన్ని మంటలో కాల్చి వాడాలి. అతను కార్బాలిక్ నీళ్ళల్లో ఒకసారి ముంచి, దాంతోనే మూత లాగాడు. ధనుర్వాతం క్రిమి ఉండేది మట్టిలోనే. సీసాలో ముందు నుంచే ఆ క్రిమి వారాల తరబడి పెరిగి ఉంటే తెరవగానే కంపు కొట్టాలి, జబ్బు కూడా ఇంకా తొందరగా రావాలి. సూది వేసిన డాక్టర్ అలాంటి వాసన ఏదీ లేదని చెప్పాడు. ఇవన్నీ కమిషన్ ముందున్న సాక్ష్యాలే. ఉన్నా బరువు ఎక్కలేదు.

ఇక్కడ మన సికింద్రాబాద్ ఊసు వస్తుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ గురించి మనందరం చదువుకున్నాం, ఆ బంగళా ఇప్పటికీ ఉంది. ఆ రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంగ్లండ్‌లో పేరున్న మనిషి, సర్కారుతో తగువు పెట్టుకోవాల్సిన అవసరం లేదు. అయినా హాఫ్‌కిన్ తరఫున నిలబడ్డారు. లండన్ టైమ్స్ పత్రికకు వరసగా రాశారు. ఒక శాస్త్రవేత్తకు అన్యాయం జరిగిందన్నది ఒక్కటే కాదు, నిజం చెప్పకపోతే జనం టీకానే నమ్మరు, ప్లేగుకు బలయ్యేది వాళ్ళేనన్నది ఆయన వాదన. 1907 జులైలో రాస్‌తో పాటు పది మంది శాస్త్రవేత్తలు సంతకాలు చేసిన ఉత్తరం అదే పత్రికలో వచ్చింది. పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. ఆ కాలంలోనే ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిని చేయని నేరానికి శిక్షించి, పన్నెండేళ్ళకు నిర్దోషి అన్నారు. హాఫ్‌కిన్ వ్యవహారాన్ని కూడా జనం దాంతో పోల్చారు. పోలిక అతిశయోక్తి ఏమీ కాదు. బ్రిటిష్ డాక్టరే ఆ కుర్చీలో ఉంటే ఇదే తీర్పు వచ్చేదా అన్న ప్రశ్నకు నా జవాబు, వచ్చేది కాదు.

2020లో తబ్లిగీ జమాత్ పేరుతో దేశమంతా ఏం నడిచిందో మనకు గుర్తుంది. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టేసి, వాళ్ళను బలిపశువులను చేశారని చెప్పింది. తీర్పు వచ్చేసరికి మన బస్తీల్లో కూరగాయలమ్మే సాయిబులను గల్లీల్లోకి రానివ్వని రోజులు అయిపోయాయి. అదే బస్తీల కుర్రాళ్ళు తర్వాతి ఏడాది ఏ మతమని చూడకుండా శవాలను మోసి, ఎవరి పద్ధతిలో వాళ్ళకు అంత్యక్రియలు చేశారు. హాఫ్‌కిన్ కథ చదువుతుంటే ఇవన్నీ గుర్తుకు రాకుండా ఉండవు.

1907 నవంబర్‌లో ప్రభుత్వం ఆయన మీద నింద ఎత్తేసింది. ఉద్యోగం ఇచ్చారు గానీ పరేల్ కాదు. అక్కడి కుర్చీలో అప్పటికే వేరేవాళ్ళున్నారు. కలకత్తాలో ఒక ల్యాబు అప్పజెప్పారు. కొత్త టీకాలను మనుషుల మీద పరీక్షించే పని మాత్రం చేయనివ్వలేదు. ప్రమోషన్లు లేవు. క్షమాపణ అనే మాట ఎక్కడా లేదు. ఏడేళ్ళు అలా గడిపి 1914లో రిటైరై ఫ్రాన్స్ వెళ్ళిపోయారు.

అంతలో పంజాబ్‌లో ఏం జరిగిందంటే, మల్కోవాల్ తర్వాత టీకా అంటే జనం హడలిపోయారు. సర్కారు కూడా వెనక్కి తగ్గింది. ఆ తర్వాతి ఏళ్ళల్లో ఒక్క పంజాబ్‌లోనే ప్లేగుతో లక్షల మంది చనిపోయారు. దేశం మొత్తం మీద ఆ మహమ్మారి కోటి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. వేగంగా, బహిరంగంగా, సరైన విచారణ జరిగి ఉంటే అందులో ఎంతమంది బతికేవారో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు.

చివరి రోజుల్లో హాఫ్‌కిన్ తన మతాచారాలకు దగ్గరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. 1925లో పరేల్ ల్యాబుకు హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. అప్పటికి అక్కడి నుంచి సుమారు 2.6 కోట్ల మోతాదుల ప్లేగు టీకా బయటికి వెళ్ళింది. ఆయన అప్పటికి బతికే ఉన్నారు. తన జీవితంలోని మంచి కాలమంతా బొంబాయి పనికే ఖర్చయిందని అక్కడివాళ్ళకు ఉత్తరం రాశారు. తర్వాత స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో ఉండి, 1930 అక్టోబర్‌లో అక్కడే కన్నుమూశారు. 1964లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో ఒక స్టాంపు వేసింది.

మల్కోవాల్‌లో చనిపోయినవాళ్ళు మాత్రం ఈ కథ రాసిన చాలా పుస్తకాల్లో 19 అనే అంకెగానే ఉన్నారు. సీసా నంబర్ అందరికీ తెలుసు.